పాత తరహా స్పోర్ట్స్ కారుకి పాసింజర్ వైపు అద్దం: బెజ్జం ఎక్కడ, ఎలా

మీరు అడిగింది ఇది: రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు, 60ల నాటి డిజైన్‌తో చేసిన ఫైబర్‌గ్లాస్ బాడీ, డ్రైవర్ వైపు తలుపు మీద గుండ్రటి క్రోమ్ అద్దం ఒక్కటే ఉంది. దానికి జతగా ఇంకొకటి కొన్నారు. ఉన్న అద్దం తలుపు వెనక అంచు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, రెండో తలుపు మీద కూడా అంతే దూరంలో బెజ్జాలు పెట్టేస్తే సరిపోతుందా అని.

సరిపోదు. డ్రిల్లు ఇంకా పెట్టెలోంచి తీయకపోతే ఇంకో రెండు రోజులు అందులోనే ఉండనివ్వండి.

మొదటిసారి నేను చేసింది అచ్చంగా మీరు అనుకుంటున్నదే. అది ఇనప రేకు బాడీ. రెండు వైపులా మిల్లీమీటరు తేడా లేకుండా కొలిచాను. ముందు నుంచి చూస్తే రెండు చెవుల్లా ముచ్చటగా కుదిరాయి. తీరా సీట్లో కూర్చుంటే, విండ్‌షీల్డ్ పక్కన ఉండే చిన్న త్రికోణపు గ్లాసు చూశారూ, దాని నిలువు ఫ్రేము సరిగ్గా అద్దం మధ్యలో అడ్డంగా వచ్చింది. మెడ ఓరగా వంచి చూద్దామన్నా లాభం లేదు, అద్దం తల నావైపు తిరగాల్సినంత తిరగడం లేదు. ఆకాశం, సగం వెనక చక్రం, ఇంతే కనిపించేది. ఆ రెండు బెజ్జాలూ వెల్డింగుతో పూడ్చి, తలుపు మొత్తం మళ్ళీ పెయింట్ వేయించాల్సి వచ్చింది. అద్దం ఖరీదు ఆ పెయింట్ బిల్లులో ఏ మూలకీ రాదు.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, కారుకి రెండు వైపులూ ఒకటే కానీ డ్రైవర్ మధ్యలో కూర్చోడు. చిన్న స్పోర్ట్స్ కార్లో డ్రైవర్ కంటికీ తన వైపు అద్దానికీ మధ్య దూరం దాదాపు 65 సెంటీమీటర్లు ఉంటుంది. అవతలి అద్దం 120 సెంటీమీటర్ల దాకా పోతుంది. పైగా అది చాలా పక్కకి ఉంటుంది. వెనక రోడ్డు మీ కంట్లో పడాలంటే, అద్దం ముఖం సరిగ్గా రెండు దిక్కుల మధ్యకి తిరగాలి: ఒకటి కారు వెనక వైపు, రెండోది మీ కన్ను. నా కొలతల ప్రకారం డ్రైవర్ వైపు అద్దం లోపలికి 22 డిగ్రీలు తిరిగితే చాలు. పాసింజర్ వైపు 34 డిగ్రీలు తిరగాలి. బుల్లెట్ ఆకారపు అద్దాలు, సన్నటి కాడ మీద నిలబడే అద్దాలు చాలావాటికి అంత తిరుగుడు ఉండదు. అందుకే ముందు మీరు కొన్న అద్దాన్ని చేతిలో పట్టుకుని ఎంత దాకా తిరుగుతుందో చూడండి. బేస్ ఏటవాలుగా కోసి ఉంటే అది కుడికో ఎడమకో ప్రత్యేకంగా చేసింది. డ్రైవర్ వైపుది ఇంకొకటి కొనేసి అటు పెడితే మొదటికే మోసం. అమ్మేవాళ్ళు ‘రెండు వైపులా పనికొస్తుంది’ అని రాసిన మాట నమ్మకండి, తిప్పి చూసుకున్నదే నమ్మండి.

దూరం వల్ల ఇంకో నష్టం ఉంది. 10 సెంటీమీటర్ల వెడల్పున్న మామూలు చదును అద్దం తీసుకోండి. డ్రైవర్ వైపు ఉంటే, 20 మీటర్ల వెనక సుమారు 3 మీటర్ల వెడల్పు మేర రోడ్డు చూపిస్తుంది. అదే అద్దం అవతలి వైపు పెడితే ఒకటిన్నర మీటరు కూడా చూపించదు. మోటార్ సైకిల్ అయితే పట్టొచ్చు, కారు పట్టదు. కాబట్టి అటు వైపు కుంభాకార అద్దమే వేయమంటాను, అంటే కొంచెం ఉబ్బెత్తుగా ఉండే గ్లాసు. వంపు వ్యాసార్ధం 1200 మిల్లీమీటర్లు ఉన్నది వేస్తే అదే 20 మీటర్ల వెనక 4 మీటర్ల పైచిలుకు కనిపిస్తుంది. ఊరికే రాదు మరి: వెనక బండి మూడో వంతు సైజులో, చాలా దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. అమెరికా నిబంధన పాసింజర్ వైపు కుంభాకార అద్దానికి ఈ వ్యాసార్ధం 889 నుంచి 1651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలంటుంది. వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరలో ఉన్నాయన్న హెచ్చరిక కూడా గ్లాసు మీదే రాయమంటుంది. చదును గ్లాసుతో ఒరిజినల్‌గా ఉండాలని పట్టుబట్టేవాళ్ళు ఉన్నారు. షోలో నిలబెట్టే కారైతే అలాగే కానివ్వండి. రోడ్డెక్కే కారుకి మాత్రం నా ఓటు ఉబ్బెత్తు గ్లాసుకే. చాలా అద్దాలకి గ్లాసు ఒక్కటే ఊడదీసి మార్చుకోవచ్చు, చూసేవాడికి తేడా తెలియదు.

50లు, 60ల నాటి కార్లకి రెండో అద్దం లేకపోవడం పెద్ద వింతేం కాదు. 1954లో పోర్షే 356 స్పీడ్‌స్టర్, 1957లో లోటస్ సెవెన్, 1962లో ఏసీ కోబ్రా, ఎంజీబీ వచ్చిన రోజుల్లో పాసింజర్ వైపు అద్దం లేకుండా తిరిగిన కార్లే ఎక్కువ. కాబట్టి ఆ ఆకారంతో ఇప్పుడు చేస్తున్న బాడీల్లో కూడా ఆ చోటు తీర్చి ఉండదు. మనమే వెతుక్కోవాలి.

ఆ వెతుకులాటకి నేను వాడేది పిల్లలు ఆడుకునే క్లే. తలుపు పైభాగం మీద ముందు వెడల్పాటి మాస్కింగ్ టేపు అతికించండి, పెయింటుకి జిడ్డు అంటదు. దాని మీద పిడికెడు క్లే పెట్టి, అద్దం బేస్‌ని అందులో గుచ్చండి. ఇక సీట్లో కూర్చోండి. ఊరికే కూర్చోవడం కాదు, బండి నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా: సీటు జరుపుకుని, బెల్టు పెట్టుకుని, టోపీ అలవాటుంటే అది కూడా పెట్టుకుని. బయట ఒక మనిషిని నిలబెట్టి అద్దాన్ని రెండేసి సెంటీమీటర్లు ముందుకీ వెనక్కీ జరపమనండి. ముందుకి జరిపే కొద్దీ తిప్పాల్సిన కోణం తగ్గుతుంది, అది మంచిదే. కానీ మరీ ముందుకి పోతే మీ చూపు విండ్‌షీల్డ్ మూలలోంచి పోవాల్సి వస్తుంది. ఆ మూల వైపర్ తుడవని చోటైతే వాన రోజు అద్దం ఉన్నా లేనట్టే. మరీ వెనక్కి వస్తే ఫ్రేము అడ్డం, లేదా మెడ తిప్పాల్సినంత పక్కకి. ఈ రెంటి మధ్యా చాలా కార్లలో దొరికేది ఓ నాలుగు వేళ్ళ జాగా. అక్కడే పెన్సిల్ గీత.

ఇప్పుడు పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టండి. ఈ పని ఎవరూ చేయరు. ఒంటరిగా కూర్చుని గీత గీసి, బెజ్జాలు పెట్టి, తర్వాత మొదటిసారి ఇద్దరు బయల్దేరినప్పుడు అద్దం బదులు పక్కవాళ్ళ ముక్కు చూస్తూ నడిపేవాళ్ళని చూశాను. మామూలు ఎత్తు మనిషి కూర్చుని, భుజం వెనక్కి ఆనించినా అద్దం కనిపించాలి. టాప్ వేసి కూడా ఒకసారి చూడండి. కిటికీ గ్లాసు బదులు తగిలించే పక్క కర్టెన్లు ప్లాస్టిక్‌వి అయితే వాటి కుట్టు అంచు ఎక్కడ పడుతుందో గమనించండి. తలుపు పూర్తిగా తెరవండి: అద్దం ముందుకి ఎక్కువ జరిగితే, తలుపు తెరిచినప్పుడు దాని తల వెళ్ళి విండ్‌షీల్డ్ ఫ్రేముకో ముందు ఫెండరుకో కొట్టుకుంటుంది. త్రికోణపు గ్లాసు బయటికి తెరుచుకునే రకమైతే అది కూడా తెరిచి చూడాలి. ఇవన్నీ దాటాక కూడా క్లేని ఒక రాత్రి అలాగే వదిలేసి, మర్నాడు మళ్ళీ కూర్చుని చూడండి. నా అనుభవంలో సగం సార్లు గీత ఒక సెంటీమీటరు జరిగింది.

డ్రైవర్ వైపు దానికీ దీనికీ మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తే బాధపడకండి. రెండు వైపులూ ఒకేసారి చూసేది కారుకి ఎదురుగా నిలబడ్డవాడు ఒక్కడే, వాడికి ముందూ వెనకా తేడా తెలియదు. ఎత్తు తేడా మాత్రం ఇట్టే తెలుస్తుంది. ఎత్తు సమానంగా ఉంచండి.

తర్వాత తలుపు లోపలి సంగతి. లోపలి ట్రిమ్, అంటే తలుపుకి లోపలి వైపు కప్పిన పలక, ఊడదీయక తప్పదు. హ్యాండిల్ స్క్రూ, గ్లాసు తిప్పే చేతి కాడ వెనక ఉండే క్లిప్పు, చుట్టూ క్లిప్పులు, ఇంతే. మీ కారుకి ఎత్తి దించే గ్లాసు లేకుండా కర్టెన్లు మాత్రమే ఉంటే సగం టెన్షన్ తగ్గినట్టే. గ్లాసు ఉంటే మాత్రం జాగ్రత్త. దించినప్పుడు ఆ గ్లాసు బయటి రేకుకి చాలా దగ్గరగా దిగుతుంది, స్క్రూ కొన అక్కడ ఒక్క రవ్వ ఎక్కువ పొడుచుకొచ్చినా నిలువునా గీత పడుతుంది, లేదా గ్లాసు ఠపీమని పగులుతుంది. ఎంత జాగా ఉందో కొలవడానికి కూడా ఆ క్లేనే వాడండి. బెజ్జం రాబోయే చోట లోపలి వైపు చిన్న ఉండ అంటించి, గ్లాసు మెల్లగా పూర్తిగా దించి మళ్ళీ ఎత్తండి. ఉండ నలిగి బిళ్ళలా మిగులుతుంది. ఆ బిళ్ళ మందం ఎంతో అంతే మీకున్న జాగా. నట్టూ, వాషరూ, బోల్టు కొనా అన్నీ కలిపి అందులో ఇమడాలి, ఇంకో 3 మిల్లీమీటర్లు మిగలాలి. బోల్టు పొడుగైతే రంపంతో కోసి ఆకురాయితో కొన నున్నగా చేయండి. తాళం కడ్డీ ఎక్కడ నడుస్తుందో కూడా టార్చి వేసి చూసుకోండి.

ఇక బెజ్జం. ఫైబర్‌గ్లాస్ మీద పైన ఉండేది జెల్‌కోట్, గాజులా పెళుసు. దాని మీద సెంటర్ పంచ్ (బిట్ జారకుండా గుంట పెట్టే మొనదేలిన కడ్డీ) పెట్టి సుత్తితో కొట్టారంటే సాలెగూడు లాంటి బీటలు వస్తాయి, ఒక్కోసారి వెంటనే కాదు, నెల తర్వాత. కాబట్టి పంచ్ వద్దు. రెండు పొరల మాస్కింగ్ టేపు, దాని మీద పెన్సిల్ గుర్తు. 2.5 మిల్లీమీటర్ల బిట్‌ని ముందు వేళ్ళతోనే తిప్పి చిన్న గుంట చేయండి. ఆపైన డ్రిల్లుని రివర్స్‌లో పెట్టి, మెల్లగా, జెల్‌కోట్ పొర దాటేదాకా పోనివ్వండి. రివర్స్‌లో బిట్ కోయదు, గీరుతుంది. మనకి కావలసింది అదే. తెల్లటి పొడి ఆగి, ఫైబర్ పోగులు కనిపించడం మొదలయ్యాక మామూలుగా తిప్పండి. వెనక వైపు ఒకరు చెక్క ముక్క గట్టిగా ఆనించి పట్టుకుంటే లోపలి పోగులు చిట్లవు. ఎం5 బోల్టుకి, అంటే 5 మిల్లీమీటర్ల మందం ఉన్నదానికి, 6 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టండి. ఆ ఒక్క మిల్లీమీటరు వదులు కావాలనే, ఎండకి బాడీ వ్యాకోచించినప్పుడు బోల్టు అంచుని ఒరుసుకోకుండా. చివర్లో బెజ్జం అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో చేత్తో రెండు తిప్పులు తిప్పి కొద్దిగా ఏటవాలు చేయండి. బీట మొదలయ్యేది ఆ పదును అంచు దగ్గరే. మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి ఒంటి మీద పడితే రెండు రోజులు గోక్కుంటూనే ఉంటారు, ఊపిరితిత్తుల్లోకి పోతే గోక్కోవడానికి కూడా వీలుండదు.

ముందు ఒక్క బెజ్జమే పెట్టండి. బేస్‌ని ఒక్క బోల్టు మీద నిలబెట్టి, సీట్లో కూర్చుని, తిప్పి చూసుకుని, అప్పుడు బేస్ రెండో కన్నంలోంచే రెండో గుర్తు పెట్టండి. కాగితం టెంప్లేట్ ఎంత బాగా కోసినా వంపు తిరిగిన తలుపు మీద ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది.

ఈ జవాబు చదివే వాళ్ళలో ఇనప బాడీ వాళ్ళుంటే: అక్కడ పంచ్ వాడొచ్చు, బెజ్జం అంచు ఆకురాయితో సాపు చేసి, జింక్ ప్రైమరూ దాని మీద పెయింటూ వేసి, ఆరాకే బిగించండి. లోపల పడ్డ ఇనప రజనుని అయస్కాంతంతో ఏరాలి. లేకపోతే అది తలుపు అడుగున చేరి, నీళ్ళు పోయే కన్నాల దగ్గర తుప్పు పట్టిస్తుంది. వెనక నుంచి నట్టుకి చెయ్యి దూరని చోట బయటి నుంచే బెజ్జంలో బిగించే రివెట్ నట్ మంచిది, ఎం5కి 7 మిల్లీమీటర్ల బెజ్జం కావాలి. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు మాత్రం వద్దు, సన్నటి రేకులో ఏడాది తిరగకుండానే లూజవుతాయి. అల్యూమినియం బాడీ అయితే స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగలనివ్వకండి. మధ్యలో నీరు చేరితే అల్యూమినియమే తినుకుపోయి, పెయింట్ బుడగలు లేస్తుంది. నైలాన్ వాషరు, బోల్టు చుట్టూ నైలాన్ తొడుగు పెడితే చాలు.

బిగింపులో అందరూ తేలిగ్గా తీసుకునేది వెనక ప్లేటు. బెజ్జం ఎంత శుభ్రంగా పెట్టినా, ఉత్త వాషరు మీద బిగిస్తే అద్దం బరువు, గాలి తోపుడు అంతా రెండు చిన్న చోట్ల మీద పడుతుంది. పల్చటి తలుపు పొర డప్పులా ఊగుతుంది, అద్దంలో వెనక కారు హెడ్‌లైట్లు రెండు బదులు నాలుగు కనిపిస్తాయి. 1911లో మొదటి ఇండియానాపొలిస్ 500 రేసులో రే హరూన్ వెనక చూసే మెకానిక్‌ని ఎక్కించుకోకుండా, తన మార్మన్ వాస్ప్ కారుకి అద్దం బిగించుకుని గెలిచాడు. తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు, ఇటుకలు పరిచిన ఆ ట్రాక్ మీద అద్దం ఎంత అదిరిందంటే అందులో పెద్దగా ఏమీ కనిపించలేదని. వందేళ్ళు దాటాక మనం కూడా అదే అవస్థ పడనక్కర్లేదు. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, 60 బై 80 మిల్లీమీటర్ల సైజు ముక్క, మూలలు గుండ్రంగా కోసి, తలుపు లోపలి వంపుకి తగ్గట్టు కొద్దిగా వంచి పెట్టండి. లోపలి ఫైబర్ ఎగుడుదిగుడుగా ఉంటే ప్లేటు కింద ఎపాక్సీ పేస్టు పూసి కూర్చోబెడితే ఖాళీలు పూడతాయి. గ్లాసు జాగా లెక్కేసేటప్పుడు ఈ ప్లేటు మందాన్ని మర్చిపోవద్దు.

బయట బేస్‌కీ పెయింటుకీ మధ్య 2 మిల్లీమీటర్ల రబ్బరు గ్యాస్కెట్. తలుపు వంపు, బేస్ వంపు కుదరకపోతే బోల్టు బిగించి దగ్గరికి లాగుదామని చూడకండి. ఈ క్రోమ్ బేసులు చాలావరకు జింక్ మిశ్రమం పోతపోసినవి, వంగవు, పుటుక్కున విరుగుతాయి. అది విరక్కపోతే జెల్‌కోట్ చిట్లుతుంది. మందమైన గ్యాస్కెట్ కోసుకోవడమే దారి. బోల్టు చుట్టూ కొద్దిగా సీలెంట్ పెట్టండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కాకుండా న్యూట్రల్ రకం తీసుకోండి, ఆ ఘాటు వాసనది లోహాన్ని తింటుంది. నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) వేసి, చిన్న స్పానర్‌ని చివర కాకుండా మధ్యలో పట్టుకుని తిప్పండి, బలం దానికదే తగ్గుతుంది. గ్యాస్కెట్ అంచు కొద్దిగా ఉబ్బగానే ఆపేయండి.

బెజ్జం పెట్టడానికి మనసొప్పకపోతే, తలుపు అంచుకి క్లాంపుతో పట్టే అద్దాలు, త్రికోణపు గ్లాసు ఫ్రేముకి పట్టేవి దొరుకుతాయి. ఒరిజినల్ పెయింట్ ఉన్న పాత కారైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. మీది కొత్త ఫైబర్ బాడీ, అంత మొహమాటం అక్కర్లేదు. ముందు ఫెండర్ల మీద పెట్టే అద్దాలు ఫోటోల్లో అదిరిపోతాయి, కోణం కూడా బాగా కుదురుతుంది. కానీ కంటికి ఇంకా దూరమై బొమ్మ చిన్నదైపోతుంది, సర్దాలంటే ప్రతిసారీ ఒకరు బయట నిలబడాలి.

బిగించాక సర్దడం: మీ తలని కారు మధ్య వైపు ఒక జానెడు కన్నా తక్కువ, ఓ 15 సెంటీమీటర్లు వంచి, మీ కారు పక్క భాగం అద్దం లోపలి అంచులో అప్పుడే మాయమయ్యేలా అద్దాన్ని తిప్పండి. ఆకాశం, నేల కలిసే గీత మధ్యలోకి రావాలి. తర్వాత బండి ఆపి, పక్క వరుసలో వెళ్ళే కార్లని చూడండి. వెనక నుంచి వచ్చే కారు లోపలి అద్దంలోంచి జారిపోకముందే ఈ అద్దంలోకి రావాలి, దీన్ని వదలకముందే మీ కంటి ఓరకి అందాలి. లోపలి అద్దానికీ దీనికీ మధ్య మాయమైతే కొంచెం లోపలికి, దీనికీ మీ కంటి ఓరకీ మధ్య మాయమైతే ఇంకొంచెం బయటికి తిప్పండి.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ట్రిమ్ మళ్ళీ తీసి నట్లు చూడండి. రబ్బరు నలిగి ఒక పావు తిప్పు వదులై ఉంటుంది. అందుకే ఆ ట్రిమ్‌ని అప్పటిదాకా నాలుగు క్లిప్పుల మీదే నిలబెట్టి ఉంచండి, మొత్తం బిగించకండి. బేస్ చుట్టూ టార్చిని ఓరగా పట్టి చూస్తే జెల్‌కోట్‌లో వెంట్రుక బీట ఉంటే అప్పుడే తెలుస్తుంది. కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, బేస్ ఎటు వైపు నొక్కుతోందో చూసి చెబుతాను.